పోలీసు శాఖను రద్దు చేసిన నగరం: క్యామ్డెన్‌లో అసలు మారిందేమిటి?

2013 ఏప్రిల్ 30 అర్ధరాత్రి దాటగానే అమెరికాలోని క్యామ్డెన్ నగరానికి సొంత పోలీసు శాఖ లేకుండా పోయింది. నూట నలభై ఏళ్లకు పైబడిన శాఖ అది. దాన్ని మూసేసింది తిరుగుబాటుదారులు కాదు, ఉద్యమకారులు కాదు. నగర మేయర్, కౌంటీ పాలకులు, రాష్ట్ర గవర్నర్ కలిసి తీసుకున్న నిర్ణయం.

అలాగని మర్నాడు ఊళ్లో పోలీసులు లేరనుకుంటే పొరపాటు. మే 1 ఉదయానికి అవే వీధుల్లో పోలీసులు తిరుగుతూనే ఉన్నారు. నిజానికి మునుపటికన్నా ఎక్కువమందే ఉన్నారు. యూనిఫాం మారింది, బ్యాడ్జి మారింది, కారు మీద నగరం పేరు పోయి కౌంటీ పేరు వచ్చింది. చీఫ్ మాత్రం పాతాయనే.

2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద చనిపోయాక, 'పోలీసులకు నిధులు ఆపేయండి' అన్న నినాదం అమెరికా అంతటా మోగింది. అప్పుడు అందరికీ క్యామ్డెన్ గుర్తొచ్చింది. 'పోలీసులను రద్దు చేసి బాగుపడిన నగరం' అంటూ ప్రపంచమంతా వార్తలు రాసింది. మా డెస్క్‌లోనూ ఆ వారం అలాంటి శీర్షికే దాదాపు వెళ్లిపోయేది. రద్దయినవాళ్ల స్థానంలో నాలుగు వందలమంది వచ్చారని ఏజెన్సీ కాపీ చివరి పేరాలో ఉంటే, చూసి ఆపాం.

ఇప్పటికీ పోలీసు సంస్కరణల మాట వస్తే క్యామ్డెన్ పేరు రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. పోలీసులు వద్దనేవాళ్లూ దాన్నే చూపిస్తారు, ఇంకా కావాలనేవాళ్లూ దాన్నే చూపిస్తారు. ఒకే ఊరు రెండు వాదాలకూ ఎలా ఉదాహరణ అయింది? జరిగింది వరసగా చూస్తే కొంత అర్థమవుతుంది.

క్యామ్డెన్ ఎక్కడుంది?

2023 జులైలో తానా మహాసభలు జరిగిన ఫిలడెల్ఫియా మనలో చాలామందికి తెలిసిన ఊరే. అక్కడి నుంచి బెన్ ఫ్రాంక్లిన్ వంతెన మీదుగా డెలావేర్ నది దాటితే అవతలి ఒడ్డు క్యామ్డెన్. నదితోపాటు రాష్ట్రమూ మారుతుంది. ఇది న్యూజెర్సీ. ఇంకో పది కిలోమీటర్లు పోతే చెర్రీహిల్, ఆ పక్కన వూర్హీస్ వస్తాయి. ఐటీ ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాలు ఉండే శివార్లు అవి. క్యామ్డెన్‌లో రట్గర్స్ విశ్వవిద్యాలయం క్యాంపస్ కూడా ఉంది.

1950లో ఈ నగర జనాభా లక్షా పాతిక వేలు. పెద్ద ఓడల కర్మాగారం, ఆర్‌సీఏ విక్టర్ రేడియోలు, గ్రామఫోన్ రికార్డులు, క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు... అన్నీ ఇక్కడివే. 1967లో ఓడల కర్మాగారం మూతపడింది. 1971లో పోలీసులు ఒక ప్యూర్టోరికన్ వాహనదారుణ్ని కొట్టడంతో ఊరు తగలబడింది. 1990లో సూప్ ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది, కంపెనీ ప్రధాన కార్యాలయం మాత్రం మిగిలింది. స్థోమత ఉన్నవాళ్లు వంతెన దాటో, శివార్లకో వెళ్లిపోయారు. 2010 జనాభా లెక్కల నాటికి మిగిలింది 77 వేలమంది. వాళ్లలో పదింట తొమ్మిదిమందికి పైగా నల్లజాతివారు, లాటినోలు. ఇరవయ్యేళ్ల వ్యవధిలో ముగ్గురు మేయర్లు అవినీతి కేసుల్లో దోషులయ్యారు. 2002లో రాష్ట్రం నగర పాలనను దాదాపుగా తన చేతుల్లోకి తీసుకుంది.

పోలీసులు ఎవరి కింద?

మనకు ఈ కథ సరిగా అర్థం కావాలంటే ముందు ఒక తేడా తెలియాలి. మన దేశంలో పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. హైదరాబాద్ కమిషనర్ అయినా, కర్నూలు ఎస్పీ అయినా నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. మేయర్‌కు ఒక కానిస్టేబుల్‌ను బదిలీ చేసే అధికారం కూడా లేదు. అమెరికాలో దీనికి పూర్తిగా తలకిందులు. ఊరి పోలీసులు ఊరివే. జీతం ఊరి ఆస్తి పన్ను నుంచి వస్తుంది. చీఫ్‌ను నియమించేది మేయరో, కౌన్సిలో. దేశం మొత్తం మీద అన్ని రకాల పోలీసు సంస్థలూ కలిపి 18 వేల దాకా ఉంటాయి. పదిమంది పనిచేసే శాఖలూ ఉన్నాయి, వేల మందితో నడిచేవీ ఉన్నాయి.

అందుకే ఒకే చోట నాలుగైదు రకాల పోలీసులు కనిపిస్తారు. క్యామ్డెన్‌లో విశ్వవిద్యాలయానికి సొంత పోలీసులున్నారు. వంతెనకూ, ఫిలడెల్ఫియా వెళ్లే పాట్కో రైలుకూ పోర్ట్ అథారిటీ పోలీసులు వేరు. షెరిఫ్ వేరు, రాష్ట్ర పోలీసులు వేరు. మన పిల్లలు అక్కడ చదువుకుంటుంటే 911కు ఫోన్ చేసినప్పుడు ఎవరొస్తారన్నది వాళ్లు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది.

ఈ ఏర్పాటులో ఒక మంచి ఉంది: పోలీసులు బాగా లేకపోతే ఓటరు నేరుగా మేయర్‌ను నిలదీయవచ్చు. అంత పెద్ద చిక్కూ ఉంది. ఊరు దివాలా తీస్తే పోలీసులూ దివాలాయే. క్యామ్డెన్‌లో సరిగ్గా అదే జరిగింది.

2011 జనవరి: సగం మంది ఇంటికి

నగర బడ్జెట్ రాష్ట్రం ఇచ్చే సాయం మీద నడిచేది. 2010లో గవర్నర్ అయిన క్రిస్ క్రిస్టీ ఆ సాయానికి కోత పెట్టారు. ఖజానాలో డబ్బు లేదని నగరం 2011 జనవరిలో 168 మంది పోలీసులను ఉద్యోగాల నుంచి తీసేసింది. ఉన్నవాళ్లలో దాదాపు సగం. వాళ్లతోపాటు 60 మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది కూడా పోయారు. దెబ్బలు తగలని చిన్న ప్రమాదాలకూ, చిన్న దొంగతనాలకూ ఇక పోలీసులు రారని ప్రకటించారు. కొందరిని కొన్ని నెలలకు మళ్లీ తీసుకున్నారు గానీ పరిస్థితి చేయిదాటింది.

2012లో ఆ ఊళ్లో 67 హత్యలు జరిగాయి. 77 వేల జనాభాకు 67 అంటే లక్షకు 87 చొప్పున. అప్పటి అమెరికా సగటు లక్షకు అయిదు లోపే. బహిరంగంగా మత్తుమందులు అమ్మే చోట్లు దాదాపు 175 ఉండేవని పోలీసు అధికారులే చెప్పారు. ఊరి విస్తీర్ణం పాతిక చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు.

శాఖ లోపలి సంగతి ఇంకా అధ్వానం. ప్రత్యేక బృందంలోని అయిదుగురు పోలీసులు మత్తుమందులు తామే పెట్టి, దొరికినట్టు చూపించి కేసులు కట్టారన్న ఆరోపణల మీద విచారణ ఎదుర్కొన్నారు. ముగ్గురు నేరం ఒప్పుకున్నారు, ఒకరిని జ్యూరీ దోషిగా తేల్చింది, ఒకరు బయటపడ్డారు. వాళ్లు పెట్టిన దాదాపు 200 కేసులు కొట్టేయాల్సి వచ్చింది. 2013లో 88 మంది బాధితులకు 35 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చారు. చేయని నేరానికి జైలుకెళ్లిన మనిషి, అదే శాఖ పోలీసు వచ్చి హత్య కేసులో సాక్ష్యం చెప్పమంటే ఏమంటాడు? క్యామ్డెన్‌లో నోరు విప్పే సాక్షి దొరకడమే కష్టమైపోయింది.

రద్దు ఎందుకు, ఎవరికి లాభం?

ఇక్కడే కథలో చాలామంది వదిలేసే ముక్క ఉంది. శాఖను రద్దు చేసింది ప్రధానంగా అవినీతి వల్లో, దౌర్జన్యం వల్లో కాదు. ఒప్పందం వల్ల.

పోలీసు యూనియన్‌తో నగరానికి ఉన్న ఒప్పందం ప్రకారం రాత్రి డ్యూటీకి అదనం, ఏళ్ల సర్వీసుకు అదనం, కొన్ని రకాల గస్తీకి అదనం. సెలవు నిబంధనలు ఎంత ఉదారమంటే, ఒక్కో రోజు 30 శాతం దాకా గైర్హాజరు ఉండేదని అధికారులు చెప్పారు. ఎవరిని ఏ బీట్‌లో వేయాలన్నది కూడా చీఫ్ ఇష్టం కాదు. శాఖ మొత్తాన్ని మూసేసి, కౌంటీ కింద కొత్తది పెట్టి, పాతవాళ్లలో సగానికన్నా తక్కువమందినే తీసుకుంటే పాత ఒప్పందం కొత్త సంస్థకు అంటుకోదన్నది పాలకుల లెక్క. రిపబ్లికన్ గవర్నర్, డెమోక్రాట్ మేయర్ డేనా రెడ్, డెమోక్రాట్ల చేతిలోని కౌంటీ ఈ ఒక్క విషయంలో ఒక్కటయ్యారు.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోవచ్చు. జిల్లాలాగే అందులో చాలా ఊళ్లుంటాయి, కానీ పాలించేది ఎన్నికైన బోర్డు.

లెక్క పారింది. ఒక్కో పోలీసు మీద అయ్యే ఖర్చు దాదాపు సగానికి తగ్గిందని కౌంటీ చెప్పింది. మిగిలిన డబ్బుతో ఎక్కువమందిని పెట్టుకున్నారు. సుమారు 260 మంది ఉన్న చోట బలగం క్రమంగా 400 దాకా పెరిగింది. పాతవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, పరీక్షలు రాయాలి. కొందరు ఆత్మాభిమానం కొద్దీ పెట్టుకోలేదు. కొందరిని తీసుకోలేదు. ఇదంతా యూనియన్‌ను విరగ్గొట్టడానికి వేసిన ఎత్తు అని పోలీసు సంఘం అంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ప్రభుత్వమూ దాన్ని పెద్దగా దాచలేదు. కొత్త పోలీసులు కూడా త్వరలోనే సంఘం పెట్టుకున్నారు, అది వేరే సంగతి.

అంటే 2020లో వీధుల్లో జనం అడిగినదీ, 2013లో క్యామ్డెన్‌లో జరిగినదీ ఒకటి కాదు. వాళ్లు తక్కువ పోలీసులను అడిగారు. ఇక్కడ తక్కువ జీతానికి ఎక్కువ పోలీసులు వచ్చారు.

మొదటి రెండేళ్లు: చలానాల కాలం

కొత్త శాఖ మొదటి రోజుల ఫొటోలు చూడముచ్చటగా ఉంటాయి. పోలీసులు కార్లు దిగి వీధుల్లో నడిచారు. ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి పరిచయం చేసుకున్నారు. పిల్లలతో బాస్కెట్‌బాల్ ఆడారు. కాల్పుల శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో పట్టే మైకులు, వంద దాటిన కెమెరాలు, వాటిని చూసే కంట్రోల్ రూమ్ ఏర్పాటయ్యాయి.

అదే సమయంలో చలానాల వాన మొదలైంది. కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉందని, సైకిల్‌కు గంట లేదని, లైటు వెలగడం లేదని చలానాలు రాశారు. చిన్న తప్పులను వదిలేస్తే పెద్ద నేరాలు పెరుగుతాయన్న పాత సిద్ధాంతమే దీనికి ఆధారం. సైకిల్ గంట వినడానికి నవ్వొచ్చే విషయం. కానీ ఆ ఊళ్లో మూడో వంతు జనం పేదరికంలో ఉన్నారు. జరిమానా కట్టలేకపోతే కోర్టు, కోర్టుకు వెళ్లకపోతే వారంటు, కొన్ని కేసుల్లో డ్రైవింగ్ లైసెన్సు రద్దు. లైసెన్సు పోతే శివార్లలోని ఉద్యోగానికి వెళ్లే దారే ఉండదు. పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ న్యూజెర్సీ విభాగం 2015లో దీని మీద బహిరంగంగా నిలదీసింది.

బలప్రయోగం మితిమీరిందన్న ఫిర్యాదులు 2014లో 65కు చేరాయి. రద్దు అయిన మరుసటి సంవత్సరమే ఇది. 'రద్దు చేశారు, దౌర్జన్యం తగ్గింది' అనే కథకు ఈ అంకె అడ్డం వస్తుంది. పాత శాఖ పోయింది, కొత్తవాళ్లు వచ్చారు, ఫిర్యాదులు పెరిగాయి.

హత్యల లెక్క కూడా అలాంటిదే. 2012లో 67, 2013లో 57, 2014లో 33. సగానికి సగం తగ్గాయని అందరూ రాశారు. కానీ 2012 అంటే సగంమంది పోలీసులను తీసేసిన తర్వాతి కాలం. అంతకు ముందు, 2009, 2010 సంవత్సరాల్లో హత్యలు ముప్ఫై నలభై మధ్యే ఉండేవి. అంటే తొలి రెండేళ్లలో జరిగింది, ఉద్వాసనలకు ముందున్న చోటికి తిరిగి రావడమే. అధమ సంవత్సరాన్ని ప్రారంభంగా పెట్టుకుంటే ఏ గ్రాఫయినా అందంగానే కనిపిస్తుంది. 2016లో మళ్లీ 44కు ఎగబాకింది. నిలకడగా ఇరవైల్లోకి వచ్చింది 2017 నుంచి. 2024లో 17.

2012తో పోలిస్తే 50 ప్రాణాలు. అది చిన్న విషయం కాదు. కానీ ఆ తగ్గుదల ఎప్పుడు మొదలైందో చూస్తే, దేనివల్ల అన్న ప్రశ్నకు జవాబు 2013 మే 1 తేదీలో దొరకదు.

కత్తి పట్టిన మనిషి వెంట నడిచిన పోలీసులు

2015 మే 18న అధ్యక్షుడు ఒబామా క్యామ్డెన్ వచ్చి, ఈ శాఖను దేశానికి ఆశాజనకమైన ఉదాహరణగా మెచ్చుకున్నారు. స్థానిక పోలీసులకు కొన్ని రకాల సైనిక సామగ్రి ఇవ్వడం ఆపుతున్నామని ప్రకటించింది కూడా ఆ పర్యటనలోనే. నా లెక్కలో మాత్రం ఆ ఏడాది నవంబరులో జరిగిన ఇంకో సంఘటన అంతకన్నా పెద్దది.

ఫ్రైడ్ చికెన్ అమ్మే షాపులో ఒకతను కత్తి తీసి బెదిరించి, బయటికొచ్చి అలాగే ఊపుకుంటూ రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఇలాంటి వీడియోలు ఎలా ముగుస్తాయో మనం చాలాసార్లు చూశాం. 'కత్తి కింద పడేయ్' అన్న అరుపు రెండుసార్లు వినపడుతుంది, తర్వాత కాల్పుల శబ్దం. ఇక్కడ అలా కాలేదు. పోలీసులు అతని చుట్టూ వలయంగా ఏర్పడ్డారు. దూరం ఉంచుకున్నారు. అతను నడుస్తుంటే వాళ్లూ నడిచారు. ముందున్న ట్రాఫిక్‌ను ఆపేశారు. అలా నిమిషాల తరబడి నడిచాక అతని చేతిలోని కత్తి కింద పడింది, పట్టుకున్నారు. ఒక్క తూటా పేలలేదు. ఏడాది కిందటైతే కాల్చేవాళ్లమేనని చీఫ్ స్కాట్ థామ్సన్ తర్వాత ఒప్పుకున్నారు.

ఆ ఏడాదిలో మారిందేమిటి? మనుషులు కాదు, శిక్షణ. దూరం, సమయం, అడ్డుగా నిలబెట్టుకునే వస్తువు... ఈ మూడూ ఉంటే తుపాకీ తీయాల్సిన అవసరం చాలాసార్లు రాదన్నది దాని సారం. మతిస్థిమితం లేనివాళ్లతో, కత్తిలాంటి ఆయుధాలతో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలన్నది తరగతి గదిలో చెప్పి వదిలేయలేదు. నటించి చూపించి, బాడీ కెమెరా వీడియోలు వేసి, ఎక్కడ తొందరపడ్డారో కూర్చుని చర్చించారు.

ఇంకో పద్ధతి కూడా పెట్టారు. తూటా తగిలినవాడు రోడ్డు మీద పడి ఉంటే అంబులెన్స్ కోసం ఆగకుండా పోలీసు కారులోనే వేసుకుని కూపర్ ఆసుపత్రికి తీసుకెళ్లడం. ఇందులో సిద్ధాంతమేమీ లేదు. కానీ కారు వెనక సీటులో రక్తంతో పడి ఉన్న కుర్రాణ్ని బతికించడానికి పోలీసు సైరన్ మోగిస్తూ పరుగెత్తడం ఆ వీధి చూస్తుంది. సాక్ష్యం చెప్పే నోళ్లు అలాగే తెరుచుకుంటాయని థామ్సన్ వాదన. హత్యల అంకె తగ్గడంలోనూ దీని వాటా ఉండే ఉంటుంది. బతికినవాడు హత్యల లెక్కలోకి రాడు కదా.

18 పేజీల కాగితం

2019 ఆగస్టులో వచ్చింది అసలు పత్రం. న్యూయార్క్ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలకు చెందిన పోలీసింగ్ ప్రాజెక్టుతో కలిసి రాసిన 18 పేజీల బలప్రయోగ నిబంధనలు. బలప్రయోగం చివరి మార్గమే కావాలి. వాడినా అవసరమైనంతే వాడాలి. తోటి పోలీసు హద్దు దాటుతుంటే ఆపడం పక్కనున్నవాడి విధి, ఆపకపోతే అదీ తప్పే. గాయపడిన మనిషికి వెంటనే వైద్యం అందేలా చూడాలి. నాలుగేళ్ల కిందట తప్పుబట్టిన ఏసీఎల్‌యూ ఈసారి బాగుందంది. పోలీసు సంఘమూ ఒప్పుకుంది. ఈ రెండూ ఒకే కాగితానికి తలూపడం అమెరికాలో తరచుగా జరిగేది కాదు.

2014లో 65గా ఉన్న ఫిర్యాదులు 2019లో మూడుకు దిగాయి. ఫిర్యాదు అంటే నమోదైన ఫిర్యాదు. నమ్మకం లేక రాయనివాళ్లు ఇందులో ఉండరు. అయినా 65 నుంచి మూడు అంటే కాగితాల మాయ అని కొట్టిపారేయడం కష్టం.

2020 మే 30న దేశంలో నగరాలు మండుతున్నప్పుడు, థామ్సన్ తర్వాత చీఫ్ అయిన జోసెఫ్ వైసాకీ క్యామ్డెన్‌లో నిరసనకారులతో కలిసి బ్యానర్ పట్టుకుని ముందు వరసలో నడిచారు. ఆ డిసెంబరులో న్యూజెర్సీ అటార్నీ జనరల్, మన పంజాబీ మూలాలున్న గుర్బీర్ గ్రేవాల్, రాష్ట్రంలోని పోలీసులందరికీ వర్తించే బలప్రయోగ విధానం ప్రకటించారు. చివరి మార్గంగానే బలం, తోటివాణ్ని ఆపే బాధ్యత... క్యామ్డెన్ కాగితంలోని ముఖ్యమైన సూత్రాలే అందులోనూ కనిపిస్తాయి.

ఇది గమనించాల్సిన విషయం. ఆ నిబంధనలు అమలు చేయడానికి రాష్ట్రంలోని ఏ ఊరూ తన పోలీసు శాఖను రద్దు చేసుకోలేదు.

మరి ఊరి మాట?

రద్దు ప్రతిపాదన వచ్చినప్పుడే క్యామ్డెన్ వాసులు కొందరు సంతకాలు సేకరించారు. మా పోలీసు శాఖ మాకు ఉండాలా వద్దా అన్నది మమ్మల్ని ఓటు వేయనివ్వండి అన్నది వాళ్ల కోరిక. న్యూజెర్సీ చట్టాల్లో అందుకు వీలుంది. మేయర్, కౌన్సిల్ అధ్యక్షుడు కోర్టుకు వెళ్లారు. కింది కోర్టు ఓటును ఆపింది. అప్పీళ్లు నడుస్తుండగానే 2013లో శాఖ మూతపడింది. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఇలా ఓటు కోరడాన్ని చట్టం నిషేధించలేదు, కానీ ఆ ప్రతిపాదనకు అప్పటికే కాలం చెల్లిపోయింది కనుక ఇప్పుడు ఓటుకు పెట్టడం కుదరదు అని. హక్కు ఉందని తేలేసరికి అడగాల్సిన విషయం లేకుండా పోయింది.

మినియాపొలిస్‌లో అలా కాలేదు. శాఖను తీసేసి కొత్తది పెట్టాలన్న ప్రతిపాదన 2021 నవంబరులో ప్రజల ముందుకు వెళ్లింది. దాదాపు 56 శాతం మంది వద్దన్నారు. నచ్చినా నచ్చకపోయినా అది ఊరి తీర్పు. క్యామ్డెన్‌ను ఆదర్శంగా చూపించేవాళ్లు ఈ తేడా దగ్గర ఎందుకో ఆగరు.

ఓటు పోయింది ఒక్కసారికే కాదు. ఇప్పుడు క్యామ్డెన్ పోలీసుల మీద అధికారం కౌంటీ బోర్డుది. 2010 లెక్కల ప్రకారం కౌంటీ జనాభా అయిదు లక్షల పైచిలుకు. అందులో క్యామ్డెన్ నగరం వాటా 15 శాతం. అంటే బోర్డును ఎన్నుకునే జనంలో ఎక్కువమంది ఈ పోలీసుల గస్తీ ఎరగని ఊళ్లలో ఉంటారు. ఊళ్లో పోలీసు తప్పు చేస్తే క్యామ్డెన్ మనిషి నిలదీయాల్సింది తాను ఒంటరిగా గెలిపించలేని, ఓడించలేని బోర్డును. పౌరులతో పర్యవేక్షణ సంఘం పెట్టుకుందామన్నా చిక్కే. అలాంటి సంఘాలకు సాక్షులను పిలిపించే అధికారం ప్రస్తుత చట్టం ప్రకారం ఇవ్వలేరని నెవార్క్ నగరం కేసులో 2020లో అదే సుప్రీంకోర్టు చెప్పింది.

కొత్త బలగంలో తెల్లవాళ్ల వాటా ఊరి జనాభాతో పోలిస్తే చాలా ఎక్కువ, ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు తక్కువ అన్న విమర్శ మొదటి రోజు నుంచీ ఉంది. ఊరిలోనే పెరిగిన గాబ్రియేల్ రోడ్రిగెజ్ వైసాకీ తర్వాత తొలి లాటినో చీఫ్ కావడాన్ని ఆ విమర్శకు కొంత జవాబుగా చూశారు. ఇంకోవైపు రాష్ట్రం ఇచ్చిన వంద కోట్ల డాలర్లకు పైబడిన పన్ను రాయితీలతో నది ఒడ్డున కొత్త ఆఫీసు భవనాలు లేచాయి. నేరాలు తగ్గడంలో వాటి పాత్ర ఎంత, పోలీసుల పాత్ర ఎంత, దేశమంతటా ఉన్న తగ్గుదల వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడం తేలిక కాదు. చెప్పగలమనేవాళ్ల మాట కాస్త జాగ్రత్తగా వినాలి.

చివరగా పేరు సంగతి. కొత్త శాఖ పేరు 'క్యామ్డెన్ కౌంటీ పోలీసు శాఖ'. కౌంటీలోని సుమారు మూడు డజన్ల ఊళ్లూ ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయని, అందరికీ ఖర్చు కలిసొస్తుందని 2013లో పాలకులు చెప్పారు. క్యామ్డెన్ నగరాన్ని అందులో 'మెట్రో డివిజన్' అన్నారు, తర్వాత ఇంకా డివిజన్లు వస్తాయన్నట్టు. పదేళ్లు దాటినా రెండో డివిజన్ రాలేదు. చెర్రీహిల్‌కు తన సొంత పోలీసు శాఖ ఉంది. వూర్హీస్‌కూ ఉంది.